చేపకింత అని లెక్క కడితే

నగరాల మధ్య పారే నదుల్లో పరాయి చేపలు పెరిగిపోయినప్పుడు అందరికీ ముందుగా తట్టే ఉపాయం ఒకటే. గాలం వేసేవాళ్లు ఎలాగూ గట్టు మీద కూర్చునే ఉంటారు, పట్టిన చేపకింత అని ఇచ్చేద్దాం, వాళ్లకు నాలుగు డబ్బులు, నదికి మేలు. వినడానికి బాగుంటుంది. పేపర్లో వేసుకోవడానికి ఫొటో కూడా దొరుకుతుంది: గోతం నిండా చేపలు, పక్కన కాటా, వెనకాల నవ్వుతున్న అధికారి.

గాలం వాళ్లకు డబ్బివ్వాలనే నేనూ అంటాను. కానీ ఇవ్వాల్సింది చేపకు కాదు, పనికి. నదిలో ఏ భాగంలో, ఎన్ని గంటలు, ఏ ఎరతో, ఏ సైజు గాలంతో కూర్చున్నారు, ఏం పడింది, ఏం పడలేదు, దానికి కూలి. చేపల లెక్క మీద ఏదైనా ఇస్తే అది కొసరులాగే ఉండాలి, కూలిలో అయిదో వంతుకు మించకూడదు. పథకం కాగితం మీద ఉన్నప్పుడు ఈ తేడా చిన్నగా కనిపిస్తుంది. రెండో ఏడాదికల్లా పథకాన్ని నిలబెట్టేదీ ముంచేదీ అదే.

ముందు లెక్క చూద్దాం. ఒక మడుగులో చేప దట్టంగా ఉన్నప్పుడు చేయి తిరిగినవాడికి గంటకు 10 పడుతున్నాయనుకోండి. నాలుగు నెలలు వదలకుండా పడితే అది గంటకు 1కి దిగిందనుకోండి. చేప రేటు మారలేదు కాబట్టి అతని గంట సంపాదన పదో వంతుకు పడిపోయింది. ఆ రోజు అతను గాలం చుట్టేసి ఇంటికి పోతాడు, లేదంటే చేప ఇంకా దట్టంగా ఉన్న ఎగువకు పోతాడు. అందులో అతని తప్పేమీ లేదు. అయితే నదికి అసలు పని మొదలయ్యేది అక్కడే. మిగిలిన ఆ కాసిని చేపలే గుడ్లు పెట్టి మడుగును మళ్లీ నింపుతాయి. చేపకింత అనే పద్ధతిలో పని తేలికైన రోజుల్లో డబ్బు ఎక్కువ, కష్టమైన రోజుల్లో తక్కువ. మనకు కావలసింది దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండే పద్ధతి.

ఈ మాట అనగానే కొలంబియా నది సంగతి తెస్తారు. తేవాల్సిందే, అది మంచి పథకం. అమెరికాలో కొలంబియా, స్నేక్ నదుల్లో పైక్‌మిన్నో అనే చేపను పట్టి తెచ్చినవాళ్లకు 1990ల మొదటి నుంచి డబ్బిస్తున్నారు. అక్కడి డ్యాముల కరెంటు అమ్మే ప్రభుత్వ సంస్థ బానివిల్ పవర్ అడ్మినిస్ట్రేషన్ ఖర్చు భరిస్తోంది. చేప 9 అంగుళాలకు తగ్గకూడదు. ఇటీవలి సీజన్లలో మొదటి 25 చేపలకు ఒక్కోదానికి 6 డాలర్లు, 26 నుంచి 200 దాకా 8 డాలర్లు, ఆపైన 10 డాలర్లు. అధికారులే ట్యాగు కట్టి వదిలిన చేపను తెస్తే 500 డాలర్లు. ఒక్క సీజన్లో లక్ష డాలర్లు దాటి సంపాదించినవాళ్లు కూడా ఉన్నారు. ఇన్నేళ్లలో పట్టిన చేపలు 50 లక్షలు దాటాయి.

ఆ పథకాన్ని చూపేవాళ్లు రెండు సంగతులు వదిలేస్తారు. ఒకటి, పైక్‌మిన్నో పరాయి చేప కాదు, ఆ నదిదే. డ్యాములు కట్టి నీటిని నిలబెట్టాక దానికి సాల్మన్ పిల్లలు సులువుగా దొరకడం మొదలైంది, అదే సమస్య. రెండోది ఇంకా ముఖ్యం. అక్కడ చేపను లేకుండా చేయాలని ఎవరూ అనుకోలేదు. పెద్ద చేపల్లో ఏటా 10 నుంచి 20 శాతం తీస్తే చాలనుకున్నారు, దానితోనే సాల్మన్ పిల్లల నష్టం 40 శాతం దాకా తగ్గుతుందని అంచనా. ఎందుకు కుదిరిందంటే, పైక్‌మిన్నో ముదిరేకొద్దీ చేపపిల్లలను ఎక్కువ తింటుంది, గాలానికి పడేదీ ముదురు చేపే. నది వద్దనుకుంటున్నదీ గాలం పట్టేదీ అక్కడ ఒకటే అయింది.

నగరం నదిలో మనకు ఎదురయ్యే చేపల్లో చాలావాటికి ఈ జత కుదరదు.

తిలాపియానే తీసుకోండి. గాలానికి బ్రహ్మాండంగా పడుతుంది. పిండి ముద్ద, వానపాము, రొట్టె ముక్క, ఏదైనా సరే. కానీ పెద్దవి తీసేసేకొద్దీ చిన్నవి ఇంకా చిన్న సైజులోనే గుడ్లకు వస్తాయి. ఇరుకులో మొజాంబిక్ తిలాపియా దాదాపు మూడు నెలల వయసుకే ఈడుకొస్తుంది, వెచ్చటి నీటిలో నెలకో నెలన్నరకో మళ్లీ గుడ్లు పెడుతుంది. గుడ్లనూ పిల్లలనూ ఆడ చేప నోట్లోనే పెట్టుకుని మోస్తుంది. ఇక్కడొక చిన్న విషయం, దాదాపు అందరూ తప్పు చేసేది. నోట్లో పిల్లలున్న ఆడ చేప గట్టు మీదికి రాగానే భయంతో పిల్లలను ఉమ్మేస్తుంది. గాలం విప్పేది నీటి అంచున నిలబడి అయితే ఆ పిల్లలు నేరుగా నదిలోకే. కాబట్టి చేపను నీళ్ల నుంచి లేపగానే కింద చేతి వల పట్టాలి, వల కన్ను సన్నగా ఉండాలి, విప్పేది నీటికి నాలుగడుగుల దూరంలో మూత ఉన్న బకెట్ మీద. గడ్డం కింద సంచిలా ఉబ్బి ఉంటే నోట్లో ఏదో ఉన్నట్టే. ఇంతకీ పిల్లలను మోసే రోజుల్లో ఆడ చేప సరిగ్గా మేయదు, ఎరను ముట్టేది తక్కువ. అంటే గాలం తీసేది ఎక్కువగా మగవాటిని. ఎన్ని మగవి తీసినా మిగిలిన కొద్దిపాటివే ఆడవాటన్నిటికీ సరిపోతాయి. తిలాపియా మీదికి గాలం ఒక్కదాన్నే పంపితే కాటా మీద బరువు కనిపిస్తుంది గానీ నదిలో తేడా కనిపించదు. విసురు వల తోడుండాలి.

ఇక సక్కర్ చేప. దెయ్యం చేప అని కూడా అంటున్నారు. అక్వేరియం గాజు మీది నాచు గీకుతుందని కొని, పెద్దదయ్యాక కాలవలో వదిలేసిన పాపం ఇది. దీని నోరు తల కింద గుండ్రంగా ఉంటుంది, రాళ్ల మీది నాచును, అడుగున కుళ్లినదాన్ని గీక్కు తింటుంది. కదిలే ఎర వెనక పరుగెత్తే చేప కాదు. గాలం వాళ్లకు సక్కర్ చేపకింత అని ప్రకటించడమంటే మేకను పట్టడానికి మాంసం ముక్క కట్టినట్టు. దీన్ని పట్టేది విసురు వలతో, లేదా చీకటి పడ్డాక లోతు తక్కువ చోట టార్చి వేసి చేతి వలతో. గిల్ నెట్, అంటే నీటిలో నిలబెట్టి చేప చిక్కుకునేలా వేసే వల, కూడా పడుతుంది కానీ అక్కడ వేరే తలనొప్పి ఉంది. వీపు రెక్క, చేతి రెక్కల ముందున్న ముళ్లను ఇది గట్టిగా నిక్కబొడిచి బిగిస్తుంది, ఒళ్లంతా ఎముక పలకలు. లాగినకొద్దీ చిక్కు బిగుస్తుంది తప్ప రాదు. కత్తెర దగ్గర పెట్టుకుని వల కళ్లు కత్తిరించడమే దారి, ఆ చిరుగుల ఖర్చును పథకంలో ముందే రాసుకోవాలి. వల నష్టాన్ని జాలరి నెత్తిన వేస్తే రెండో వారం ఎవరూ రారు.

ఇది నదిని పాడుచేసే తీరు కూడా వేరు. మగ చేప గట్టు మట్టిలో మీటరు దాకా, ఒక్కోసారి అంతకు మించి, పల్లానికి వాలుగా బొరియ తవ్వి అందులో గుడ్లకు కాపలా కాస్తుంది. పక్కపక్కనే పదుల బొరియలు పడ్డాక వరదకు గట్టు జారిపోతుంది. నీళ్లు తగ్గిన రోజుల్లో ఆ నోళ్లు బయటికి కనిపిస్తాయి. పథకానికి అవే కొలబద్ద. 100 మీటర్ల గట్టుకు ఎన్ని బొరియలున్నాయి, అందులో ఎన్ని కొత్తవి అని ఏటా ఒకే నెలలో లెక్కపెడితే చేపల బరువు చెప్పనిది అది చెబుతుంది. బొరియలో చేయి పెట్టొద్దు, పాములూ ఉండొచ్చు. నోటికి సన్నకన్ను సంచి వల అడ్డంపెట్టి వంగే కర్రతో లోపల కదిలించాలి, చేప బయటికొచ్చాక బొరియను రాళ్లూ జిగురు మట్టితో పూడ్చాలి. ఇంత పనికి చేపకింత అని ఏ లెక్కన కడతాం? ఒక్క బొరియకు అరగంట పట్టొచ్చు, లోపల ఏమీ లేకపోవచ్చు కూడా. గంటకు కూలి ఇస్తేనే ఎవరైనా చేసే పని ఇది.

ఇంకో మాట. సక్కర్ చేప గాలి మింగి పొట్టతో ఊపిరి తీసుకోగలదు. గోతంలో వేసి నీడన పెడితే గంటల తరబడి బతికే ఉంటుంది. చచ్చిందనుకుని గట్టున గుట్టపోస్తే, పిల్లవాడు ఒకడు సరదాకి నీళ్లలోకి తంతే, అది ఈదుకుంటూ పోతుంది. పట్టగానే కళ్ల వెనక, నడినెత్తిన బరువైన కర్రతో ఒక్క దెబ్బ, ఆపైన అదేచోట కొనదేలిన మేకు దింపాలి. క్రూరంగా వినిపిస్తుందేమో గానీ ఎండలో గిలగిల్లాడుతూ పోవడం కంటే అదే నయం. ఐసు నీళ్లలో వేసి వదిలేయడం ఈ చేప విషయంలో చావు కాదు, చిత్రవధ.

కొర్రమీను కుటుంబపు పరాయి చేపల దగ్గర గాలమే రాజు. అమెరికాలోని పొటోమాక్ నదిలో 2004 నుంచి స్థిరపడిన ఉత్తరపు కొర్రమీను దీనికి మంచి ఉదాహరణ. ఈ చేపలు జంటగా పిల్లలను కాపలా కాస్తాయి. పిల్లల గుంపు నీటి పైకి వచ్చి బుడబుడలాడే చోట ఎర పడితే ఆకలి లేకపోయినా కాటు వేస్తాయి, అది కోపపు కాటు. కప్ప బొమ్మ ఎర సరిగ్గా ఆ గుంపు మీదుగా లాగితే చాలు. జంటలో ఒకటి పడ్డాక వెళ్లిపోవద్దు, పావుగంట ఆగి మళ్లీ వేయాలి. రెండూ పోతే పిల్లలను మిగతా చేపలు ఏరుకు తింటాయి. ఇక్కడ జరిగే పొరపాటు వేరు: పోలికలు. అమెరికాలో బోఫిన్ అనే స్థానిక చేప అచ్చం అలాగే ఉంటుంది. పొట్ట అడుగున తోక వైపున్న రెక్క చూడాలి. కొర్రమీనుకు అది పొడవుగా సాగి ఉంటుంది, బోఫిన్‌కు పొట్టిగా ఉంటుంది. స్థానిక చేపను పొరపాటున చంపి తెచ్చినవాడికి జరిమానా వేస్తే రేపటి నుంచి తప్పులు దాచిపెడతారు. డబ్బివ్వకుండా, తిట్టకుండా, రాసుకుని పక్కన పెట్టాలి. ఏ గట్టున తప్పులు ఎక్కువవుతున్నాయో అప్పుడే తెలుస్తుంది.

పెద్దవి తీసేస్తే చేప తగ్గి తీరుతుందనే నమ్మకం మీద కూడా ఒక మాట చెప్పాలి. అమెరికాలోనే ఆడిరాండాక్ కొండల్లోని లిటిల్ మూస్ సరస్సులో స్మాల్‌మౌత్ బాస్ చేపను 2000 నుంచి ఏళ్ల తరబడి కరెంటు వేటతో, అంటే నీటిలో కరెంటు పెట్టి చేపను స్తంభింపజేసి పట్టడంతో, తీశారు. చివరికి చూస్తే చేపల సంఖ్య పెరిగింది. పెరిగినవన్నీ పిల్లలు. పెద్దవి పోయాక మేత మిగిలింది, పిల్లలను తినేవాళ్లు తగ్గారు, బతికినవి తొందరగా ఈడుకొచ్చాయి. కాలిఫోర్నియా తీరంలోని సీడ్రిఫ్ట్ మడుగులో పరాయి పచ్చ పీతల విషయంలోనూ ఇదే. 2009లో లక్షా పాతిక వేలున్నవాటిని 2013కల్లా 10 వేల లోపుకు దించారు, మరుసటి ఏడాది అవి దాదాపు 3 లక్షలయ్యాయి. పెద్ద పీతలు చిన్న పీతలను తినేవి, ఆ అదుపు కాస్తా మనమే తీసేశాం. అరకొరగా తీస్తే అసలు తీయకపోవడం కంటే నష్టం కావచ్చు. అందుకే డబ్బు ఇచ్చే పద్ధతిలో పిల్ల చేపలకూ చోటుండాలి. చేపకింత పద్ధతిలో పిల్లలకు రేటు పెడితే పెంచి తెస్తారు. గంట కూలిలో ఆ బెడద లేదు.

పెంచి తేవడమంటే గుర్తొచ్చింది. ఢిల్లీలో నాగుపాములకు డబ్బిస్తే జనం పాములు పెంచారని ఒక కథ అందరూ చెబుతారు, దానికి గట్టి ఆధారం చూపినవాళ్లు లేరు. వియత్నాంలోని హనోయ్ ఎలుకల కథకు మాత్రం ఆధారముంది. 1902లో ఫ్రెంచి పాలకులు ఎలుక తోకకింత అని ఇచ్చారు. తోకలు వచ్చిపడ్డాయి, వీధుల్లో తోక తెగిన ఎలుకలు తిరిగాయి, ఊరి అంచున ఎలుకల పెంపకాలు బయటపడ్డాయి. తల తేండి, తోక తేండి అనే పథకానికి అదే గతి. చేప మొత్తంగా రావాలి, ఆ రోజు పట్టిందే రావాలి. కొలంబియాలో దీనికి పెట్టిన కట్టుబాటు నాకు నచ్చుతుంది: వేటకు వెళ్లేముందే ఆ రోజు పేరు రాయించుకోవాలి, ఆ రోజే తిరిగొచ్చి అప్పగించాలి, పథకం హద్దుల్లో పట్టిందే చెల్లుతుంది, చేప తాజాగా ఉండాలి. ఒక్క విషయంలో మాత్రం వాళ్లను అనుసరించకూడదు. అక్కడ ప్రాణమున్న చేపనూ తీసుకుంటారు, ఎందుకంటే అది ఆ నది చేపే. పరాయి చేపను ప్రాణంతో మోసుకెళ్లనిస్తే మధ్యలో ఏ చెరువులోనో తేలుతుంది. గట్టు మీదే చంపాలి, చేపలు అప్పగించే కేంద్రంలో లెక్క కాగానే తోకను కత్తెరతో సగానికి కోసేయాలి. తోక తెగిన చేపను రెండోసారి ఎవరూ అప్పగించలేరు.

గంట కూలి అంటే జనం ఊరికే కూర్చుంటారు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఇద్దరిద్దరుగా పంపండి, జతలను వారానికోసారి మార్చండి. నదిని అరకిలోమీటరు ముక్కలుగా విడగొట్టి గట్టున నంబరు రాళ్లు నాటండి. చెక్‌డ్యాము నుంచి వంతెన దాకా, వంతెన నుంచి మురుగు కాలువ కలిసే చోటిదాకా అన్నట్టు, చేప దాటడానికి కొంత అడ్డున్న హద్దులు అయితే మేలు. నాలుగు గంటలు ఒక పూట. చీటీలో ముక్క నంబరు, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, గాలం సైజు, ఎర, చేపల సంఖ్య, మొత్తం బరువు. ఒకే ముక్కలో ఒకే వారం మూడు జతలు వేటాడితే ఊరికే కూర్చున్న జత చీటీ చూడగానే తెలిసిపోతుంది. ఇక చెల్లింపు. మూడు రోజులు దాటిందంటే మంచి వేటగాళ్లు ముందుగా మానేస్తారు, మిగిలేది వేరే పని దొరకనివాళ్లు. పథకాలు చచ్చేది ఎక్కువగా ఇక్కడే, నదిలో కాదు.

గంటకు పడే చేపలు తగ్గాయంటే నదిలో చేప తగ్గినట్టేనా? తొందరపడొద్దు. ఒకసారి గాలం తగిలి తప్పించుకున్న చేప ఆ ఎరను మళ్లీ ముట్టడానికి జంకుతుంది, కాబట్టి నిజానికంటే ఎక్కువ తగ్గినట్టు కనిపించొచ్చు. నీళ్లు తగ్గి చేపలన్నీ ఒక మడుగులో కుక్కుకున్నప్పుడు దీనికి తలకిందులు: నది మొత్తంలో తగ్గినా అక్కడ గాలానికి ఎప్పటిలాగే పడతాయి. అందుకే ఏడాదికి రెండుసార్లు గాలంతో సంబంధం లేని కొలత ఉండాలి. ఒక 100 మీటర్ల ముక్కను రెండు చివరలా వలతో మూసి, ఒకే వలతో, ఒకే మనుషులతో, ఒకే సమయం చొప్పున మూడుసార్లు జల్లెడపట్టండి. మొదటిసారి 60, రెండోసారి 45, మూడోసారి 33 వచ్చాయనుకుందాం. మొదటి సంఖ్యను దానితోనే గుణించి, మొదటి రెండింటి తేడాతో భాగిస్తే 3600ను 15తో భాగించినట్టు, అంటే ఆ ముక్కలో మొదట సుమారు 240 చేపలు. ప్రతిసారీ ఉన్నవాటిలో పావు వంతు పడుతున్నాయన్నమాట, మూడోసారి 33 రావడం దానికి సరిపోతోంది. మూడో సంఖ్య తగ్గకుండా 50 అని వస్తే అడుగున ఎక్కడో వల లేచింది, చేప బయటి నుంచి వస్తోంది. ఆ రోజు కొలత పారేయండి.

పూర్తిగా తీసేయడం సాధ్యమేనా అంటే, ఉదాహరణ ఉంది. ఆస్ట్రేలియా దీవి టాస్మేనియాలోని క్రెసెంట్ సరస్సులో 1995లో కార్ప్ చేప కనిపించింది. బయటికి పోయే నీటికి జల్లెడలు కట్టారు, సరస్సును జనానికి మూసేశారు, కొన్ని మగ చేపలకు రేడియో పరికరం అమర్చి వదిలి, అవి గుడ్ల కాలంలో ఎక్కడికి చేరుతున్నాయో అక్కడ వల వేశారు. 2007కల్లా సరస్సు శుభ్రమైంది. పన్నెండేళ్లు, మొత్తం 7,797 చేపలు. ఆఖరి కొన్ని చేపల కోసం నెలల తరబడి జీతగాళ్లు వల వేసి ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. చేపకింత అని ఇచ్చి ఉంటే ఆ నెలల్లో అక్కడ ఉండేదెవరు? అది మూసిన సరస్సు, మనది పారే నది, వరదకు ఎగువది దిగువకు వస్తుంది, కాబట్టి సున్నా ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. తక్కువ స్థాయిలో పట్టి ఉంచడమే లక్ష్యం, అంటే ముగింపు తేదీ లేని ఖర్చు. మొదటి రోజే ఈ మాట చెప్పే ధైర్యం లేకపోతే మొదలుపెట్టకపోవడం నయం.

పట్టిన చేపను ఏం చేయాలన్నది అందరూ చివరికి వదిలేస్తారు, జనం ముక్కుకు ముందుగా తగిలేదీ అదే. నగరం నదిలో అడుగు మట్టి మేసిన చేపలో సీసం, కాడ్మియం, పాదరసం ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా తినడానికీ ఇవ్వొద్దు, కోళ్ల మేతకూ చేపల మేతకూ పంపొద్దు. లోహాలు అదుపులో ఉన్నాయని తేలితే ఎరువు చేయొచ్చు: ఒక వంతు చేపకు మూడు వంతుల రంపపు పొట్టు, పొరపొరలుగా, పైన అడుగు మందం పొట్టు, లోపల 55 డిగ్రీల వేడి కనీసం మూడు రోజులు నిలవాలి. కుప్ప వేడెక్కకపోతే తడి ఎక్కువైనట్టు, పొట్టు కలిపి తిరగేయాలి. అంతదాకా కేంద్రంలో చేప బరువుకు సమానంగా ఐసు ఉండాలి. ఐసు లేని రోజు కేంద్రం తెరవొద్దు.

చీటీల పుస్తకంలో చేపల గడి ఖాళీగా వదలనివ్వకండి. నాలుగు గంటలు కూర్చుని ఏమీ పడనివాడు అక్కడ సున్నా అని రాయాలి, ఆ సున్నాకూ గోతం నింపుకొచ్చినవాడితో సమానంగా పూట కూలి అందాలి. ఆ ముక్కలో వరసగా మూడు వారాలు సున్నాలొస్తే ఆ జతను పక్క ముక్కకు మార్చి, నెలకొక పూట మాత్రం వెనక్కి పంపాలి.